చల్లని గది, వెనక వరండా

మా ఇంట్లోకి ఏసీ దిగిన రోజే కింది వాటా యాదమ్మ ఇస్త్రీబండి ఆమెతో అన్నదట: "ఐలయ్యోళ్ళ చిన్నకొడుక్కు పిల్లనిచ్చే ఆయన వస్తుండంట. ఐసుగడ్డ మీద పుట్టిండంట. మన ఎండ తాకితే నీళ్ళయిపోతడని ఏసీ కిరాయికి దెచ్చిండ్రు. ఇగ పెండ్లి ఫ్రిజ్జుల జేస్తరో ఏమో." ఆ మాటను ఇస్త్రీబండి ఆమె మా అత్తమ్మ చంద్రమ్మ చెవిన వేసింది. అత్తమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ నాకు చెప్పింది. చెప్పి, "దానిది పాడు నోరు. గని అబద్ధమైతే జెప్పలే," అని తనే నవ్వింది.

అబద్ధం కొంచెం ఉంది. అప్పటికి పెళ్ళి ఖాయం కాలేదు.

మా మరిది అనిల్ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో చేస్తాడు. అదే ఆఫీసులో చేసే అనూషను ఇష్టపడ్డాడు. ఆ పిల్ల గచ్చిబౌలిలో హాస్టల్లో ఉంటుంది. తల్లి లేదు. తండ్రి యజ్ఞనారాయణ గారు కూనూరులో టీ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతలది కాకినాడ వైపే గాని, ఆయన పుట్టడం, పెరగడం, ముసలితనం మొదలుపెట్టడం అంతా ఆ కొండమీదే. అక్కడ జనవరికీ జూన్‌కీ తేడా గోడమీది క్యాలెండర్ చూస్తే తప్ప తెలియదని, ఏడాది పొడుగునా ఒక్క స్వెటర్‌తో బతికేయొచ్చని అనూష చెబుతుండేది. సంబంధం సంగతి విన్నాక ఆయన ఔననలేదు, కాదనలేదు. "మా అమ్మాయి కాపురం చేయబోయే ఇంట్లో పది రోజులు ఉండి చూస్తానండి. ఆ తర్వాత చెబుతాను," అన్నారట.

కులం మాట ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఎత్తితే ఎటు పోతుందో రెండు వైపులా తెలిసినవాళ్ళమే.

అనిల్ మాత్రం వారం రోజులు సరిగ్గా తినలేదు. "వదినా, ఆయన కాదంటే అనూష తండ్రిని వదిలి రాదు. రమ్మని నేనూ అడగను," అన్నాడు. అదొక్కటే మాట అన్నాడు. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి వాడు తొమ్మిదో తరగతి. వాడి మొహం చూస్తే వాడి కడుపులో ఏముందో నాకు తెలుస్తుంది.

మాది కొత్తగూడలో మూడో అంతస్తు. ముందు గది, లోపలి గది, వెనక ఆరడుగుల వరండా. పైన ఉత్త స్లాబే. మే నెలలో ఆ స్లాబు మధ్యాహ్నమంతా ఎండ తాగి సాయంత్రం నుంచి మామీద కక్కుతుంది. ముందు గదిలో కూలర్ ఉంది. లోపలి గదిలో ఆయన కోసం ఏసీ బిగించాం. వీధి గోడకు బొక్కలు కొట్టొద్దని ఓనర్ కరాఖండిగా చెప్పాడు. మరి బయటి యూనిట్ ఎక్కడ పెట్టాలని మెకానిక్ అడిగితే, వరండాలో పెట్టమని జాగ చూపించింది నేనే.

వరండాలో అటు మూల నా పొయ్యి, గిన్నెలు. చౌరస్తా దగ్గర నాకొక కర్రీ పాయింట్ ఉంది. ఆ కూరలన్నీ పొద్దున అక్కడే వండుతాను. ఇటు మూల మా మామయ్య ఐలయ్య నవారు మంచం. మామయ్య నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌కు రాత్రి వాచ్‌మన్. పొద్దున ఎనిమిదికి వచ్చి, రెండు ముద్దలు తిని, నాలుగింటిదాకా పడుకుంటాడు. యూనిట్ బిగించాక దాని మొహం సరిగ్గా ఆ మంచం మీదికి తిరిగింది.

"మామా, నువ్వు ముందటి రూంల పండుకో. కూలర్ ఉంటది," అన్నాను.

"వియ్యం కలుపుకుందామని వచ్చిన పెద్దమనిషి ముందట పట్టపగలు కాళ్ళు జాపి గురక పెడితే మర్యాదుంటదా బిడ్డా? ఏమనుకుంటడు? నాకు యాడనైనా నిద్ర పడుతది. గా గేటుకాడ నిలబడి సుత నిద్రబొయిన రోజులున్నయి."

మా మామయ్య మాట అంటే అంతే. లోపలి గది నుంచి వరండాలోకి ఉన్న తలుపుకు గడియ పెట్టి, అడుగున సందులో పాత చీర కుక్కాం. చల్లదనం బయటికి పోవద్దని. ఇక వరండాలోకి మా రాకపోకలన్నీ వెనక మెట్లమీద నుంచే. మామయ్య పగలంతా ఎక్కడుంటాడని ఆయన అడిగితే "డబుల్ డ్యూటీ" అని చెప్పాలని అందరం అనుకున్నాం.

యజ్ఞనారాయణ గారు మే పదో తారీఖున దిగారు. మా ఆయన భాస్కర్ ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. ఆ కారులోనే ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. తెల్లవారుజామున కొండ దిగినప్పుడు వేసుకున్న స్వెటర్ చేతిమీద ఉంది. కారు తలుపు తెరిచి కాలు కింద పెట్టారో లేదో ఆగిపోయి అటూ ఇటూ చూశారు.

"దగ్గర్లో ఏదైనా తగలబడుతోందాండి?"

"లేదు సార్. గోడ," అన్నాడు భాస్కర్.

"గోడా?"

"ఎండకు గోడ కాలుతది సార్. దాని వేడి."

ఆయన గోడమీద అరచెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నారు. మెట్లెక్కుతుంటే యాదమ్మ తలుపు సందులోంచి ఆయన్ను పైనుంచి కిందిదాకా కొలిచింది.

మొదటి వారం అంతా బాగానే గడిచింది. మా ఇంట్లో అంత మెత్తని మాట ఎన్నడూ వినలేదు. మంచినీళ్ళిచ్చినా "అయ్యో, మీకు శ్రమండి" అనేవారు. సాయంత్రం నాలుగయ్యేసరికి తను తెచ్చుకున్న డబ్బాలోంచి టీపొడి తీసి తనే టీ పెట్టేవారు. నీళ్ళు ఎప్పుడు దించాలో గడియారం చూసుకునేవారు. నలభై మూడు డిగ్రీల ఎండలో మేమందరం చెమటలు కక్కుతూ ఆ టీ తాగి, "మస్తుగున్నది సార్" అనేవాళ్ళం. మామయ్య అప్పుడే నిద్ర లేచి, వెనక మెట్ల నుంచి దిగి, చుట్టూ తిరిగి ముందు తలుపు నుంచి వచ్చేవాడు, డ్యూటీ నుంచి వచ్చినట్టు.

"ఎండలో తిరిగొచ్చారు, కూర్చోండి కూర్చోండి," అని ఆయన కుర్చీ జరిపేవారు.

"పర్వాలేదు సార్. అలవాటే," అని మామయ్య గోడకానుకుని నిలబడేవాడు.

ఆ పది రోజులు ఇంట్లో నీసు వండలేదు. కర్రీ పాయింట్‌కు చికెన్ కూర మా అక్క ప్రవీణ ఇంట్లో చేసి తెచ్చేదాన్ని. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

అయితే ఆయన నోట ఒకటే మాట. పొద్దున లేస్తే ఎండ. అన్నం ముందు కూర్చుంటే ఎండ. "మా అనూష చిన్నప్పుడు కోయంబత్తూరు దిగితేనే దద్దుర్లు వచ్చేవండి." "ఈ వేడికి పసిపిల్లలు ఎలా ఆగుతారండి?" "మా అమ్మాయి ఒంటికి ఇది పడదేమోనండి." ఎంతో నొచ్చుకుంటూ, ఎవరి మీదా నెపం పెట్టకుండా చెప్పేవారు.

ఎనిమిదో రోజు అనిల్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని, "నాయనా, నువ్వు బంగారంలాంటి కుర్రాడివి. నీలో వంక పెట్టడానికి లేదు. కానీ ఈ ఊరి ఎండ..." అని ఆగిపోయారు. అనిల్ "సరే సార్" అని లేచి డాబా మీదికి పోయాడు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళకు చెప్పుల్లేకుండా.

అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఎండంటడు, ఎండంటడు. ఆ పిల్ల నాలుగేండ్ల సంది ఈడనే ఉన్నది గదనే. గప్పుడు లేని ఎండ ఇప్పుడు యాడికెళ్ళి వచ్చింది? ఎండ చాటున ఇంకోటేదో ఉన్నది. నాకు దెల్వదా?"

"తెలిసి ఏం జేస్తం అత్తమ్మా?"

"ఏం జేస్తం. పచ్చిపులుసు చెయ్యి. ఆయనకిష్టం."

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం ఒంటిగంట. ఆ రోజు గాలి కూడా లేదు. కర్రీ పాయింట్ దగ్గర ఆఫీసు పిల్లలు లైన్లో నిలబడి ఉన్నారు. పప్పు ప్యాకెట్ కడుతుండగా ఫోన్ మోగింది. యాదమ్మ.

"సరితా, జల్ది రా. మీ మామ..."

గరిటె ఎక్కడ పడేశానో తెలియదు. రెండు గల్లీలు ఎలా దాటానో తెలియదు. మూడో అంతస్తు ఎక్కేసరికి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, వరండా తలుపుతో సహా. అడుగున కుక్కిన చీర గదిలోకి ఈడ్చుకొచ్చి పడి ఉంది.

వరండాలో నేలంతా నీళ్ళు. ఆ నీళ్ళలో యజ్ఞనారాయణ గారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒంటిమీద చొక్కా లేదు. దాన్ని తడిపి మామయ్య ఛాతీమీద పరిచారు. మామయ్య తల ఆయన ఒళ్ళో ఉంది. తడిసిన జంధ్యం మామయ్య చెంపకు అతుక్కుంది. ఆయన ఒక చేత్తో మా క్యాలెండర్ అట్టతో విసురుతున్నారు, ఇంకో చేత్తో చెంబులోంచి కొద్దికొద్దిగా నెత్తిన పోస్తున్నారు. అత్తమ్మ కాళ్ళదగ్గర కూర్చుని పాదాలు తడుపుతోంది. యాదమ్మ తన ఇంట్లోని బకెట్ మోసుకొచ్చి వగరుస్తూ నిలబడింది.

జరిగింది అత్తమ్మ తర్వాత చెప్పింది. మామయ్య నీళ్ళకోసం లేవబోయి నా గిన్నెలమీద పడ్డాడు. కూలర్ మోతలో అత్తమ్మకు వినిపించలేదు. లోపలి గదిలో ఆయనకు వినిపించింది. గడియ తీశారు. బయటి యూనిట్ వదిలే గాలి నేరుగా ఆయన మొహాన కొట్టిందట. దాని కింద మా మామయ్య.

"కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తున్నాయమ్మా," అన్నారు నన్ను చూసి. "మీ రంజన్ కుండలో చల్లనీళ్ళు మొత్తం వంపేశాను. తాగడానికి ఉంచలేదు."

మామయ్య కళ్ళు తెరవలేదు గాని పెదవులు కదులుతున్నాయి. "గేటు... బండొచ్చింది... గేటు దియ్యాలె..."

యజ్ఞనారాయణ గారు వంగి, మామయ్య చెవి దగ్గర మెల్లగా చెప్పారు.

"తీశానండి. గేటు తీసేశాను. బండి లోపలికి వెళ్ళిపోయింది. మీరు పడుకోండి."

"తీసినవా?"

"తీశాను."

మామయ్య మొహం కొంచెం వదులైంది. నేను లోపలికి పోయి ఏసీ స్విచ్ ఆపాను. ఆ యూనిట్ మోత ఆగాక మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఉందని అప్పుడే తెలిసింది.

భాస్కర్ గచ్చిబౌలిలో ట్రిప్ వదిలేసి వచ్చాడు. మామయ్యను మెట్లమీద నుంచి దింపేటప్పుడు తల వైపు మా ఆయన, కాళ్ళ వైపు యజ్ఞనారాయణ గారు. ఎవరో చొక్కా అందిస్తే కారులో కూర్చున్నాక వేసుకున్నారు. అది అనిల్‌ది. బొత్తాలు పైకి కిందికి పెట్టుకున్నారు.

దవాఖానలో డాక్టరమ్మ జ్వరం చూసి, సెలైన్ ఎక్కించి, వెంటనే నీళ్ళు పోసిందెవరని అడిగింది. మేం ఆయన వైపు చూశాం. "మంచి పని చేశారు. మీకు ఇక్కడి ఎండలు అలవాటేనా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

రెండు రోజులు ఉంచాలన్నారు. భాస్కర్, అనిల్ మందులకూ కాగితాలకూ తిరుగుతున్నారు. బయట బెంచీమీద ఆయనా నేనూ మిగిలాం. అనిల్ చొక్కా ఆయనకు భుజాల దగ్గర వేలాడుతోంది. ఆయనే మాట మొదలుపెట్టారు.

"ఆకు కోసుకొచ్చాక మా ఫ్యాక్టరీలో ముందు వాడబెడతామమ్మా. పొడుగాటి తొట్టెల్లో పరిచి కిందనుంచి ఫ్యాన్లతో గాలి కొడతాం. పన్నెండు గంటలు, పద్నాలుగు గంటలు. వర్షం రోజైతే వేడిగాలి. ఆకులోని బిగువంతా పోయి చేతిలో పట్టుకుంటే ముడుచుకుపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు అదే పని చేశాను. ఆకు సరిగ్గా వాడిందో లేదో కళ్ళు మూసుకుని చెప్పగలను." ఆగారు. "తలుపు తీసి మీ మామగారి చెయ్యి పట్టుకున్నాను."

నాకు కళ్ళు నిండాయి.

"సార్, ఆ యూనిట్‌కు అక్కడ జాగ చూపించింది నేనే. వీళ్ళెవరి తప్పూ కాదు. డ్యూటీకి పోయిండని మీకు అబద్ధం చెప్పినం."

"తొమ్మిది రోజులూ నేను లోపల దుప్పటి కప్పుకుని పడుకున్నానమ్మా," అన్నారాయన.

మామయ్య ఇంటికి వచ్చాక ఏసీ మాట యజ్ఞనారాయణ గారే తేల్చారు. లోపలి గదిలో రెండో మంచం వేయించారు. మామయ్య ససేమిరా అన్నాడు. "నా గురకకు మీకు నిద్ర పట్టది సార్."

"నాకూ గురక ఉందండి. ఎవరిది పెద్దదో చూద్దాం."

టికెట్ మార్చుకుని ఇంకో పన్నెండు రోజులు ఉన్నారు. మధ్యాహ్నాలు ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉండేది. లోపల నుంచి ఇద్దరు ముసలివాళ్ళ మాటలు వినిపించేవి. మామయ్య తమ ఊరి చెరువు కింద పొలం సంగతి చెప్పేవాడు. ఆయన కొండమీద పొగమంచు చెప్పేవారు. "పొగంటే, కండ్లు మండవా?" అని మామయ్య అడిగేవాడు. "ఆ పొగ కాదండీ బాబూ," అని ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పేవారు. కాసేపటికి ఒకరి గురక మొదలయ్యేది. ఇంకాసేపటికి రెండోది. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి వినేది. "పెద్దది మనోనిదే," అనేది, గెలిచినట్టు.

ఆ రోజుల్లో ఆయన నోట ఎండ మాట రాలేదు. పెళ్ళి మాట కూడా రాలేదు. అడగాలంటే మాకు భయం. అనిల్ ఆఫీసు నుంచి వచ్చి, నాన్నకు మాత్రలిచ్చి, ఎవరి మొహం చూడకుండా పడుకునేవాడు.

ఆయన వెళ్ళిపోయే ముందు రోజు ఆదివారం. అనూష తాటిముంజలు పట్టుకుని వచ్చింది. అందరం లోపలి గదిలోనే చేరాం. తలుపులు మూసి, ఆ ఒక్క గదిలో ఏడుగురం కూర్చుంటే ఏసీ కూడా చేతులెత్తేసింది. అనూష ముంజల తొక్క తీసి ముందు మామయ్య చేతిలో పెట్టింది, తర్వాత తండ్రి చేతిలో. కింది నుంచి యాదమ్మ కూడా ఏదో పని పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

యజ్ఞనారాయణ గారు అనిల్ వైపు తిరిగారు.

"ఫ్లాట్ చూస్తున్నావటగా?"

"అవును సార్. నల్లగండ్లలో."

"పై అంతస్తు తీసుకోకు. స్లాబు వేడి దిగుతుంది. పడమటి గోడకు పడగ్గది ఉండకూడదు. చిన్నదైనా సరే, మీ నాన్నగారికి ఒక గది వేరే ఉండాలి. పగలు నిద్రపోయే మనిషి ఆయన."

అనిల్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అనూష చేతిలోని ముంజను అలాగే పట్టుకుని ఉంది, నీళ్ళు మోచేతిదాకా కారుతున్నాయి. అత్తమ్మ మాత్రం అర్థం చేసుకుని ఊరుకునే మనిషి కాదు.

"అంటే ఒప్పుకున్నట్టేనా అయ్యా? గిట్ల చుట్టు తిప్పకు. నోటితోని చెప్పు."

"ఒప్పుకున్నానండి."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భాస్కర్ తమ్ముడి వీపుమీద ఒక్కటి చరిచాడు. గుమ్మంలోంచి యాదమ్మ, "ఇగ లడ్డూలు చెయ్యుండ్రి," అంది. నేను లేచి చక్కెర తేబోయాను. అప్పుడు అనూష అడిగింది, నవ్వుతూనే.

"నాన్నా, నేను దసరాకి రమ్మన్నాను. ఎంత చెప్పినా వినకుండా మే నెలే కావాలని ఎందుకు పట్టుబట్టావు?"

ఆయన చేతిలోని ముంజను చూసుకున్నారు.

"వద్దని చెప్పి వెళ్ళడానికి వచ్చానమ్మా. అసలు కారణం నోటితో అంటే నువ్వు జన్మలో నా మొహం చూడవు. అది వీళ్ళ ముందు అనడానికి నాకూ నోరు రాదు. ఎండ వంక చెబితే ఎవరికీ నొప్పి తగలదు కదా అనుకున్నాను."

అనూష తల దించుకుంది. చక్కెర తేబోయిన నేను ఎక్కడిదాన్నక్కడే నిలబడిపోయాను. మామయ్య నోట్లోని ముంజ మింగి, చెయ్యి పంచెకు తుడుచుకుని, గోడ వైపు చూస్తూ అన్నాడు:

"ఎండ తాకితే నొప్పుండదని నీకెవరు జెప్పిండ్రు బావా?"